హాలండు దేశపు పూలచేలు: చూడబోవువారికి కొన్ని మాటలు



మన పల్లెలలో చదువుకొన్న పిల్లలు నేడు సముద్రములు దాటి ఐరోపాఖండమున ఉద్యోగములు చేయుచున్నారు. వారిలో హాలండున నున్నవారు వసంతము సమీపించగానే తల్లిదండ్రులకు పూలు చూడ రమ్మని కబురు పంపుచుందురు. అట్టి పిలుపు నందుకొన్నవారు కొందరు, నేను పాత ఉపాధ్యాయుడనగుటచే, "ఎప్పుడు బయలుదేరిన బాగుండును?" అని నన్నడుగుచుందురు. పంచాంగము చూచి దీనికి సమాధానము చెప్పుటకు వీలులేదు. ఆ పూవు ఎట్లు పుట్టునో, దానిని పెంచు రైతు దేనికొఱకు పెంచునో తెలిసికొన్నచో తగిన కాలము తనంత తానే బోధపడును.

ట్యూలిప్ అనునది మన ఉల్లివలె గడ్డనుండి మొలచు మొక్క. నిటారుగా నిలిచిన కాడ కొనయందు గిన్నెవంటి పూవు, సాధారణముగా ఒక్కటియే, పూయును. దీని పుట్టినిల్లు హాలండు కాదు, మధ్యాసియాలోని కొండసీమలు. తురుష్క సుల్తానుల తోటలలో గారాబముగా పెరిగి, అచ్చటినుండి ఐరోపాకు చేరినది. 1593లో క్లూసియస్ అను వృక్షశాస్త్రజ్ఞుడు లైడెన్ విశ్వవిద్యాలయపు తోటకు అధికారియై వచ్చి గడ్డలు నాటించగా, మరుసటి వసంతమున అవి పూచినవి. అటుపిమ్మట నలువదియేండ్లు గడచునప్పటికి గడ్డల బేరము జనులకు వెఱ్ఱివలె పట్టుకొనెను. అరుదైన గడ్డ కొకదానికి ఇంటి వెల పలికెను. 1637 ఫిబ్రవరిలో ఆ ధరలు ఒక్కసారిగా కూలిపోయినవి. ఆనాడును ఈనాడును ఆ దేశమున ధనము పూవునందు కంటె గడ్డయందే యెక్కువగ నున్నదను మాట మనసున నుంచుకొనవలెను.

ఈ గడ్డలను అక్టోబరు, నవంబరు నెలలలో నాటుదురు. నేలలో సుమారు మూడు, నాలుగు నెలలు చలి తగిలిననేగాని పూకాడ చక్కగా ఎదుగదు. మన మైదానములలో అది యేటేట పూయకుండుటకు కారణ మిదియే. చలి త్వరగా వదలిన యేడు పూలు ముందుగా వచ్చును. చలి నిలిచిన యేడు వారము, రెండు వారములు వెనుకబడును. కాబట్టి నిరుడు ఫలానా తేదీన పూచినవని యీ యేడును ఆ తేదీనే నమ్ముకొనరాదు. సాధారణముగా మార్చిలో క్రోకస్ అను చిన్న పూలును, మార్చి చివరనుండి డాఫడిల్, హయసింత్ పూలును, ఏప్రిల్ నడుమనుండి మే మొదటి దినములవఱకు ట్యూలిప్ పూలును కన్నులపండువుగ నుండును.

హార్లెమ్, లైడెన్ పట్టణముల నడుమ, సముద్రతీరపు ఇసుకదిబ్బల వెనుక, పేరుపడిన పూలచేలు గలవు. అచ్చటి నేల ఇసుకపాలు గలది. కాలువలచేత నీటిమట్టమును అదుపులో నుంచుదురు గనుక గడ్డ కుళ్లదు. అయితే ఈ చేలయందలి పూవు చాల స్వల్పకాలము మాత్రమే నిలుచును. మన ఉల్లిరైతు మడిలో పూకాడ వేసిన మొక్కను చూచి సంతోషించునా? కాడకు పోయిన బలము గడ్డకు దక్కదని చింతించును. హాలండు రైతు సంగతియు నట్టిదే. పూలు విచ్చుకొన్న పిమ్మట అతడు చేనంతయు పరీక్షించి, తెగులు సోకిన మొక్కలను, కలిసిపోయిన వేఱు జాతులను ఏరివేయును. ఆపైన యంత్రముతో పూలతలలను కోసివేయును. ఆకులు మాత్రము నిలిచి, ఎండను త్రాగి, గడ్డను బలపఱచును. జూన్, జూలై నెలలలో గడ్డలు త్రవ్వుదురు. అంగడిలో అమ్ము పూలను చాలవఱకు గాజుకప్పుల క్రింద వేఱుగ పెంచుదురు. నిన్న ఎఱ్ఱని తివాచి పఱచినట్లున్న చేను రేపు వట్టి ఆకులతో నుండుట కిదియే కారణము. ఈ సంగతి తెలియక మే నెల నడుమ పోయినవారు పచ్చని చేలు మాత్రమే చూచి తిరిగివత్తురు.

తోట సంగతి వేఱు. లిస్సె అను నూరికడ క్యూకెన్‌హోఫ్ అను తోట కలదు. ఆ పేరునకు వంటశాల తోట యని భావము. 15వ శతాబ్దమున జాకోబా అను ప్రభ్వి కోటలోని వంటశాలకు కావలసిన కూరాకులను ఆ ప్రదేశమునుండి తెచ్చెడివారట. ప్రజలకొఱకు పూలతోటగా అది 1950లో తెఱవబడెను. దాని వైశాల్యము 32 హెక్టారులు, అనగా సుమారు 80 ఎకరములు. ఏటేట దాదాపు 70 లక్షల గడ్డలను చేతితో నాటుదురు. ముందు పూయునవి, వెనుక పూయునవి ఒకే మడిలో అంతస్తులుగా నాటుటచేత, ఒకటి వాడగానే మఱియొకటి లేచుచుండును. మార్చి మూడవ వారము మొదలు మే నడుమవఱకు, సుమారు ఎనిమిది వారములు మాత్రమే తోటను తెఱచి యుంచుదురు.

కావున ప్రయాణము నిట్లు యోచించుట మేలు. ఏప్రిల్ మూడవ, నాలుగవ వారములు అచ్చట నుండునట్లు చూచుకొనవలెను. తోట ప్రవేశమునకు తేదీ, వేళ నిర్ణయించి ముందుగనే టిక్కెట్టు తీసికొనవలెను. పనిదినమున ఉదయము పోయిన సమ్మర్దము తక్కువ. చేలకు మాత్రము తేదీ నిర్ణయింపక రెండు మూడు దినములు ఖాళీగ నుంచుకొని, పూచినవని తెలిసిన నాడు పోవలెను. ఏప్రిల్ 27వ తేదీన రాజుగారి జన్మదినోత్సవము జరుగును గనుక, రద్దీకి ఓర్వలేనివారు ఆ నాడు ఇంటిపట్టున నుండుట మంచిది.

షెంజెన్ వీసాకు ప్రయాణమునకు ఆఱు నెలల ముందునుండి దరఖాస్తు పెట్టవచ్చును. పదునైదు దినములకు లోపుగా పెట్టరాదు. పెద్దవారు సంక్రాంతినాటికే కాగితములు సిద్ధము చేసికొన్న మేలు. కనీసము 30,000 యూరోల వైద్యబీమా ఉండితీరవలెను. ఈ వీసాపై 180 దినములలో 90 దినములకు మించి నిలువరాదు.

మనకు ఏప్రిల్ మండుటెండల నెల. అచ్చట పగలు 12, 14 డిగ్రీలు మాత్రమే యుండును, రాత్రి 5 డిగ్రీల వఱకు దిగును. గాలివానయు తఱచు. ఉన్ని దుస్తులు, వానకోటు, పాదములను పూర్తిగ కప్పు బూట్లు కావలెను. రోజూ మ్రింగు మందులను వైద్యుని చీటీతోసహా చేతిసంచిలోనే ఉంచుకొనవలెను. మోకాళ్ల నొప్పులు గలవారు సంకోచింపక తోటలో చక్రముల కుర్చీ నడుగవచ్చును.

తుదిమాట యొకటి. చేనిగట్టున నిలిచి చూడుడు. పటము తీయించుకొనుటకై సాళ్ల నడుమకు దిగకుడు. బూటులకంటిన మట్టితో తెగుళ్లు చేనినుండి చేనికి ప్రాకును; త్రొక్కిన మొక్క గడ్డ చెడును. తెలియనివాడెవ్వడో మన వరిమడి కడ్డముగా నడచిపోయిన మనకెట్లుండునో అచ్చటి రైతునకును అట్లే యుండును. ఆ రంగులన్నియు అతని పంట పండుదారిలో నాలుగు దినములు మనకు దక్కిన ఉచితదర్శనము. ఆ నాలుగు దినములు ఎప్పుడు వచ్చునో కనిపెట్టి పోవుటయే ఈ యాత్రలోని నేర్పు.