ఉద్యోగానికి తిరిగి వెళ్లే తల్లి – బిడ్డకు తల్లిపాలు: ముందస్తు సన్నాహం, చట్టపరమైన సౌకర్యాలు

అచ్యుతాపురం (అనకాపల్లి జిల్లా): 2022 ఏప్రిల్ 4న ఆవిర్భవించిన అనకాపల్లి జిల్లాలో పారిశ్రామికంగా ప్రముఖ స్థానం పొందిన మండలం అచ్యుతాపురం. ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ అభివృద్ధి చేసిన ప్రత్యేక ఆర్థిక మండలితో పాటు, 1000 ఎకరాల విస్తీర్ణం గల బ్రాండిక్స్ ఇండియా అపెరల్ సిటీ ఈ ప్రాంతంలోనే నెలకొని ఉంది. దుస్తుల తయారీలో పనిచేసే వారిలో అత్యధికులు మహిళలే. చుట్టుపక్కల గ్రామాల నుంచి బస్సులలో వచ్చి, పని ముగించుకొని తిరిగి వెళ్లే వీరిలో పసిబిడ్డల తల్లులూ ఉన్నారు. ప్రసూతి సెలవు ముగియవచ్చే తరుణంలో ప్రతి తల్లికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: తాను ఇంట లేని ఆ పది గంటలూ బిడ్డ ఏమి తాగాలి? ముందుగా సన్నాహం చేసుకున్నట్లయితే తల్లిపాలే తాగగలడన్నది వైద్యశాస్త్రం ఇస్తున్న సమాధానం.

ఆరు నెలల లెక్క

పుట్టిన గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత అనుబంధ ఆహారంతో పాటు రెండేళ్లు, అంతకు పైగా తల్లిపాలు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఈ సందేశాన్నే ప్రజల్లోకి తీసుకువెళ్లేందుకు కేంద్ర ప్రభుత్వం 2016 ఆగస్టులో ‘మా’ కార్యక్రమాన్ని ప్రారంభించింది. అర్హత గల ఉద్యోగినికి మొదటి ఇద్దరు బిడ్డల విషయంలో 26 వారాల వేతనంతో కూడిన సెలవు లభిస్తుంది. ఆరు నెలలంటే ఇంచుమించు 26 వారాలే. అయితే ఈ సెలవులో 8 వారాల వరకు ప్రసవానికి ముందే వాడుకునే వీలుంది. అలా వాడుకున్న తల్లి తిరిగి విధులలో చేరేనాటికి బిడ్డ వయస్సు 18 వారాలు మాత్రమే. అనగా, ప్రసవానికి ముందు ఎన్ని వారాల సెలవు వినియోగించుకుంటే, అన్ని వారాల పాటు బిడ్డకు పిండి ఉంచిన పాలు అవసరమవుతాయి. అప్పటికే ఇద్దరు బిడ్డలు ఉన్న తల్లికి సెలవు 12 వారాలే. అందులో 6 వారాలు ముందే వాడుకుంటే, ఆరు వారాల పసికందును ఇంట వదిలి పనికి రావలసి ఉంటుంది. సన్నాహం అవసరం వీరికే అధికం.

పాలు తగ్గడానికి కారణం

తల్లి శరీరంలో పాల ఉత్పత్తి వినియోగాన్ని బట్టి సాగుతుంది. బిడ్డ చీకినపుడు ప్రోలాక్టిన్ హార్మోను పాలను తయారు చేయిస్తుంది; ఆక్సిటోసిన్ హార్మోను పాలు చేపడానికి తోడ్పడుతుంది. రొమ్ము ఖాళీ అయినకొద్దీ పాలు ఊరుతాయి. నిండి ఉన్నకొద్దీ ఉత్పత్తి మందగిస్తుంది. పని వేళల్లో పాలు తీయకుండా ఉండిపోతే మొదట రొమ్ములు గట్టిపడి సలుపుతాయి. కొందరిలో వాపు, జ్వరం వస్తాయి. క్రమేణా పాలు తగ్గిపోతాయి. ఉద్యోగంలో చేరిన తర్వాత ‘పాలు పడటం లేదు’ అని పోతపాలకు మారే సందర్భాల్లో తరచుగా లోపం తల్లి శరీరంలో లేదు, పాలు తీసేందుకు దొరకని విరామంలో ఉంది.

సెలవులోనే సన్నాహం

ప్రసవమైన మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు బిడ్డకు నేరుగా పాలివ్వడంపైనే తల్లి దృష్టి నిలపాలి. నెలలు నిండకుండా పుట్టిన, లేదా రొమ్ము పట్టలేని బిడ్డల విషయంలో మాత్రం వైద్యుల సలహాపై మొదటి రోజు నుంచే పాలు పిండవలసి ఉంటుంది. మిగిలినవారు విధులలో చేరడానికి రెండు, మూడు వారాల ముందు అభ్యాసం ప్రారంభిస్తే సరిపోతుంది.

ఉదయం వేళ సాధారణంగా పాలు ఎక్కువగా ఉంటాయి. బిడ్డ తాగిన తర్వాత ఒకసారి, పగలు బిడ్డ నిద్రించే సమయంలో మరొకసారి పిండుకోవచ్చు. తొలి రోజుల్లో రెండు, మూడు చెంచాల పాలే వచ్చినా నిరుత్సాహపడనవసరం లేదు. ఒకటి నుంచి ఆరు నెలల మధ్య బిడ్డ రోజుకు సగటున 750 మిల్లీలీటర్ల పాలు తాగుతాడు. ఎనిమిది గంటల పని, రాకపోకలకు రెండు గంటలు కలిపి తల్లి పది గంటలు దూరంగా ఉంటే, అవసరమయ్యేది 300 నుంచి 350 మిల్లీలీటర్లు. కనుక పెద్ద మొత్తంలో నిల్వ చేయాలన్న ఆందోళన వద్దు. మొదటి రోజుకు సరిపడా పాలు, కొంత అదనంగా ఉంటే చాలు. ఆ తర్వాత ఈనాడు పని వేళల్లో తీసిన పాలు రేపటి అవసరానికి ఉపయోగపడతాయి.

బ్రెస్ట్ పంపు కొనలేని తల్లులు చేతితోనే పాలు తీయవచ్చు. సబ్బుతో చేతులు కడుక్కొని, బొటనవేలిని చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయానికి పైన, చూపుడు వేలిని కింద ఉంచి, ముందుగా ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లను దగ్గరకు తెచ్చి వదలాలి. వేళ్ల స్థానం మారుస్తూ రెండు రొమ్ముల నుంచి పాలు తీయడానికి మొత్తం 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. నొప్పి కలిగితే పద్ధతి సరిగా లేదని గ్రహించి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం లేదా ఆసుపత్రి నర్సు సహాయం పొందాలి.

నిల్వలో జాగ్రత్తలు

పిండిన పాలను వేడినీటిలో మరిగించిన, మూత గల స్టీలు లేదా గాజు పాత్రలో ఉంచాలి. పాత్రపై తేదీ, సమయం రాయాలి. 25 డిగ్రీల సెల్సియస్ లోపు గది ఉష్ణోగ్రతలో పాలు 4 గంటల వరకు నిల్వ ఉంటాయి. కోస్తా ప్రాంతంలో ఏడాదిలో అధిక కాలం పగటి ఉష్ణోగ్రత అంతకు మించి ఉంటుంది గనుక మంచుగడ్డలు పెట్టిన పెట్టె గాని, ఫ్రిజ్ గాని అవసరం. మంచు పెట్టెలో 24 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజుల వరకు నిల్వ చేయవచ్చు. పైన మీగడ తేలడం సహజం. పాలు విరిగినట్లు కాదు. తల్లిపాలను మరిగించరాదు, మైక్రోవేవ్‌లో వేడి చేయరాదు. గిన్నెను గోరువెచ్చని నీటిలో ఉంచితే చాలు. బిడ్డ తాగగా మిగిలిన పాలను రెండు గంటల తర్వాత వాడరాదు.

ఇంట అమ్మమ్మ, నాయనమ్మ ఈ పాలను సీసాతో కాక ఉగ్గుగిన్నెతో పట్టడం మేలు. ఉగ్గుగిన్నెను శుభ్రపరచడం తేలిక. సీసా తిత్తికి అలవాటు పడి బిడ్డ రొమ్ము పట్టకపోయే ఇబ్బంది తప్పుతుంది. తల్లి సెలవులో ఉండగానే ఒకటి రెండు వారాలు ఇంటివారి చేత అలవాటు చేయించాలి. సాయంత్రం ఇంటికి రాగానే, రాత్రి వేళ నేరుగా పాలివ్వడం వల్ల ఉత్పత్తి తగ్గకుండా ఉంటుంది.

చట్టం కల్పించిన హక్కులు

1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. ఈ నిబంధనలు 2020 సామాజిక భద్రతా స్మృతిలో కొనసాగాయి. సదరు స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం:

• బిడ్డకు 15 నెలలు నిండే వరకు, సాధారణ విశ్రాంతి సమయానికి అదనంగా, తల్లికి రోజుకు రెండు పాలిచ్చే విరామాలు ఇవ్వాలి.

• 50 మంది ఉద్యోగులు గల సంస్థలలో క్రెష్ సౌకర్యం ఉండాలి. విశ్రాంతి సమయంతో కలుపుకొని రోజుకు నాలుగుసార్లు తల్లి అక్కడికి వెళ్లవచ్చు.

• పలు సంస్థలు తమ వనరులను కలిపి ఉమ్మడి క్రెష్ ఏర్పాటు చేసుకోవచ్చు.



మిషన్ శక్తి కింద నిర్వహించే పాల్నా క్రెష్‌లు 6 నెలల నుంచి 6 ఏళ్ల లోపు పిల్లలకు ఉద్దేశించినవి. కనుక ఆరు నెలల లోపు బిడ్డల విషయంలో బాధ్యత ప్రధానంగా పని ప్రదేశం పైనే ఉంటుంది. బహిరంగ ప్రదేశాలలో పాలిచ్చే గదుల ఏర్పాటుకు కేంద్రం 2024 ఫిబ్రవరి 27న రాష్ట్రాలకు లేఖ రాయగా, దానిని గుర్తు చేయాలని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరి 19న ఆదేశించింది.

ఆచరణలో కావలసినవి

బిడ్డ దూరపు గ్రామంలో ఉన్నపుడు క్రెష్ ఉన్నా ఆ తల్లికి ఉపయోగం పరిమితమే. ఆమెకు కావలసినది తలుపు గడియ వేసుకునే ఒక చిన్న గది, కుర్చీ, చేతులు కడుక్కునే కొళాయి, ఒక ఫ్రిజ్. మరుగుదొడ్డిలో పిండిన పాలు బిడ్డకు పట్టదగినవి కావు. కుట్టు లైన్లలో పని గొలుసుకట్టుగా సాగుతుంది. ఒకరు లేస్తే వెనుక పని నిలిచిపోతుంది. విరామ సమయంలో ఆ మిషన్ వద్ద మరొకరిని కూర్చోబెట్టి, ఆ మేరకు లక్ష్యాన్ని సవరించినపుడే చట్టంలోని విరామం ఆచరణలో లభిస్తుంది. ఔషధ, రసాయన పరిశ్రమలలో పనిచేసే తల్లులు పని దుస్తులు మార్చుకొని, చేతులు శుభ్రంగా కడుక్కున్న తర్వాతే పాలు తీయాలి. తాము వాడే పదార్థాల గురించి సంస్థ వైద్యుని సంప్రదించాలి.

కార్మిక, ఫ్యాక్టరీల శాఖల అధికారులు తనిఖీల సందర్భంగా క్రెష్ ఉన్నదా అని చూడడంతో పాటు, పాలిచ్చే విరామాలు ఎందరు తల్లులు వినియోగించుకుంటున్నారో పరిశీలించడం అవసరం. వైద్య ఆరోగ్య, స్త్రీ శిశు సంక్షేమ శాఖల క్షేత్ర సిబ్బంది గర్భిణుల నమోదు సమయంలోనే ఉద్యోగినులను గుర్తించి, సెలవు ముగిసే తేదీని తెలుసుకొని, అంతకు నెల రోజుల ముందు వారి ఇంటికి వెళ్లి పాలు పిండే పద్ధతి, నిల్వ చేసే విధానం వివరిస్తే, తల్లి విధులలో చేరిన మొదటి రోజు నుంచీ బిడ్డకు తల్లిపాలు నిరాటంకంగా అందుతాయి.