హద్దు దాటని సంఖ్య

1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కూరూ కేంద్రం నుంచి అరియాన్-5 రాకెట్ తొలిసారి లేచింది. దాదాపు 40 సెకన్లకు, సుమారు 3,700 మీటర్ల ఎత్తున, దారి తప్పి ముక్కలైంది. లోపలున్న నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలూ పోయాయి. ఇంజన్లలో లోపం లేదు. కారణం ఒక ప్రోగ్రాం. అది చెడ్డ ప్రోగ్రామనీ అనలేం. అరియాన్-4లో ఏళ్ల తరబడి ఏ పేచీ లేకుండా పనిచేసింది.

రాకెట్ ఎటు ఒరుగుతోందో, ఎంత వేగంతో పోతోందో లెక్కగట్టి ప్రధాన కంప్యూటరుకు చెప్పే పరికరం ఎస్‌ఆర్‌ఐ. ఎగరకముందు అది తన దిక్కులు సరిచూసుకోవాలి. అరియాన్-4 కౌంట్‌డౌన్ చివరి క్షణాల్లో ఆగిపోతే ఈ పని మళ్లీ మొదలెట్టాలి, దానికి కనీసం ముప్పావు గంట. ఆ బాధ తప్పించడానికి, ఎస్‌ఆర్‌ఐ ప్రయాణానికి సిద్ధమయ్యాక కూడా 50 సెకన్లు సరిచూపు సాగేలా రాశారు. 1989లో ఒకసారి ఆ ఏర్పాటు అక్కరకొచ్చింది. అరియాన్-5 కౌంట్‌డౌన్ పద్ధతి వేరు, దానికి ఆ అవసరమే లేదు. అయినా బాగా నడిచేదాన్ని కదిలించడమెందుకని ఉంచేశారు. ఈ మాట ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనైనా వినబడేదే, చాలాసార్లు సరైనదే.

సరిచూపులో భాగంగా, అడ్డదిశ వేగంతో ముడిపడిన ఒక 64 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చాలి. అందులో 32,767కు మించి పట్టదు. ఇలాంటి ప్రమాదమున్న ఏడు సంఖ్యల్లో నాలుగింటికే రక్షణ పెట్టారు, ప్రాసెసర్ మీద భారం 80 శాతం మించకూడదని. మిగతా మూడూ హద్దు దాటవనుకున్నారు. అరియాన్-4 పథంలో దాటలేదు. అరియాన్-5లో ఆ వేగం ఐదు రెట్లు త్వరగా పెరిగింది. సంఖ్య హద్దు దాటింది, ఎస్‌ఆర్‌ఐ ఆగిపోయింది.

ఎందుకు దాటదనుకున్నారో కోడ్‌లో ఎక్కడా రాసి లేదు. నా దృష్టిలో అసలు లోపం ఇదే. కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ కంప్యూటరుకు సబ్‌రూటీన్ల గ్రంథాలయం కూర్చిన డేవిడ్ వీలర్ 1952లోనే హెచ్చరించాడు: రాసి, పరీక్షించడం ఒక ఎత్తు, లోపలి సంగతి తెలియనివాళ్లు కూడా వాడుకునేలా వివరణ రాయడం బహుశా అన్నిటికన్నా కష్టమని.

తోడుగా రెండో ఎస్‌ఆర్‌ఐ ఉంది. దాంట్లోనూ అదే ప్రోగ్రాం కాబట్టి అది సుమారు 50 మిల్లీసెకన్ల ముందే చేతులెత్తేసింది. మొదటిది పంపిన లోపసూచనను ప్రధాన కంప్యూటర్ ప్రయాణ సమాచారంగా చదివి నాజిళ్లను పూర్తిగా తిప్పేసింది. రాకెట్ గాలికి అడ్డం తిరిగింది.

గణితవేత్త జాక్-లూయి లయోన్స్ అధ్యక్షతన విచారణ జరిగింది. అసలు పథం వివరాలిచ్చి ఆ ప్రోగ్రాంను నేలమీద నడిపిస్తే అచ్చం అలాగే విఫలమైంది. ప్రయోగానికి ముందే చేయదగ్గ పరీక్ష. కానీ పూర్తి వ్యవస్థ పరీక్షల్లో ఎస్‌ఆర్‌ఐ బదులు సిమ్యులేటర్ వాడారు. ఎస్‌ఆర్‌ఐ నిర్దేశపత్రంలోనైతే అరియాన్-5 పథం వివరాలే లేవు. చేర్చనక్కర్లేదని అందరూ కలిసే ఒప్పుకున్నారు.