మనవాడా? పరాయివాడా?

ఈ సంచికలో ఒక కంప్యూటర్ ఆట గురించి వ్యాసమేమిటని లెక్చరర్లలో కొందరు ముఖం చిట్లిస్తారని తెలుసు. హాస్టల్ వార్డెన్‌గారు చదివితే రాత్రి పదకొండు దాటాక కొన్ని గదుల్లో లైట్లెందుకు వెలుగుతున్నాయో కూడా అర్థమైపోతుంది. అయినా రాయాలనిపించింది. ఎందుకంటే ఈ ఆటలో ఉన్న ఒక సమస్య నాకు పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా తగల్లేదు. మన దుస్తులు వేసుకుని, మనవాడి పేరే పెట్టుకుని, మన పక్కనే నడుస్తున్నవాడు శత్రువని తెలుసుకోవడం ఎలా?

ఆట పేరు టీమ్ ఫోర్ట్రెస్ 2. దీని పూర్వరూపాన్ని 1996లో ముగ్గురు ఆస్ట్రేలియా కుర్రాళ్ళు క్వేక్ అనే మరో ఆటకి అనుబంధంగా తయారుచేశారు. తర్వాత అమెరికాలోని వాల్వ్ సంస్థ చేతుల్లో అది పెరిగి, 2007 అక్టోబరులో ఇప్పటి రూపంలో వచ్చింది. 2011 జూన్ నుంచి పైసా కట్టక్కర్లేకుండా ఆడుకోవచ్చు. మా హాస్టల్లో ఇది పాతుకుపోవడానికి మొదటి కారణం అదే. రెండో కారణం, అన్నలు వదిలేసిపోయిన పాత కంప్యూటర్ల మీద కూడా నడవడం.

రెండు జట్లుంటాయి, ఎరుపూ నీలమూ. ఒక్కో ఆటగాడు తొమ్మిది పాత్రల్లో ఒకటి ఎంచుకుంటాడు. స్కౌట్ పరుగెత్తుతాడు, హెవీ పెద్ద మరతుపాకి మోస్తాడు, మెడిక్ గాయాలు మాన్పుతాడు, ఇంజనీర్ యంత్రాలు కడతాడు, పైరో మంటలు చిమ్ముతాడు. సోల్జర్, డెమోమాన్, స్నైపర్ కూడా ఉన్నారు. తొమ్మిదోవాడు స్పై, మన కథానాయకుడు. ఒంట్లో బలం లేనివాడు. హెవీకి ప్రాణబలం 300 అయితే ఇతనికి 125. కాని వెనక నుంచి కత్తితో పొడిచాడా, ఎదుటివాడు ఎంతటి బలవంతుడైనా ఒక్క పోటుతో సరి. అదే కత్తి ముందు నుంచి పొడిస్తే మాత్రం పెద్దగా పని చెయ్యదు. అంచేత అతని బతుకంతా మన వీపు వెనక్కి చేరడం మీదే ఆధారపడి ఉంటుంది.

చేరడానికి రెండు సాధనాలున్నాయి. ఒకటి చేతి గడియారం. దాన్ని నొక్కితే సుమారు 10 సెకన్లపాటు అదృశ్యమైపోతాడు. రెండోది వేషం. ఎరుపు జట్టు స్పై నీలం జట్టులో ఎవరి రూపమైనా ధరించవచ్చు. నీలంవాళ్ళ కళ్ళకి అతను అచ్చంగా నీలం సోల్జరో, నీలం మెడిక్కో. తుపాకి గురిపెడితే పైన వాళ్ళలో ఒకరి పేరూ, ప్రాణబలమూ కూడా కనిపిస్తాయి. ఇంజనీరు కట్టిన సెంట్రీ గన్ అనే కాపలా తుపాకి కూడా అతన్ని స్వజనంగానే భావించి ఊరుకుంటుంది. తమాషా ఏమిటంటే అతని సొంత జట్టువాళ్ళకి మాత్రం మొహానికి అట్టముక్క కట్టుకున్న మనిషిలా కనిపిస్తాడు, మన ఊళ్ళో పిల్లలు కట్టుకునే కోతి మాస్కులాగా. అంటే మోసం చూసేవాడి కంట్లో ఉందన్నమాట.

ఇక పట్టుకోవడం. మా వాళ్ళు చాలామంది రూపంలో లోపం కోసం వెతుకుతారు. టోపీ చూస్తారు, తుపాకి చూస్తారు. దండగ! ఆ రూపాన్ని తయారుచేసేది కంప్యూటర్. అది తప్పు చెయ్యదు. చూడాల్సింది పని. సోల్జర్ వేషం వేసుకున్నవాడు రాకెట్టు పేల్చలేడు. మెడిక్ వేషం వేసుకున్నవాడు ఎవరి గాయమూ మాన్పలేడు. కత్తి దూసినా, రివాల్వర్ పేల్చినా వేషం ఊడిపోతుంది. అంచేత ఎదురుగా యుద్ధం ఉధృతంగా జరుగుతుంటే చేతిలో తుపాకి పెట్టుకుని ఒక్క గుండూ కాల్చకుండా తిరుగుతున్నవాడెవడో చూడండి. గాయపడినవాళ్ళు పక్కనే అరుస్తున్నా పట్టించుకోని మెడిక్ ఎవడో చూడండి. తొంభై పాళ్ళు దొరికిపోతాడు.

తర్వాత నడక. ఇది చెప్పాలంటే 1957 నాటి 'మాయాబజార్' గుర్తుచేసుకోక తప్పదు. శశిరేఖ వేషంలో ఘటోత్కచుడున్నప్పుడు చీరా, నగలూ, మొహమూ అన్నీ శశిరేఖవే. ఆ కాళ్ళు పడే తీరు మాత్రం రాక్షసుడిది. సావిత్రి ఆ తేడా నడకలోనే పలికించింది కనకే మనం ఇప్పటికీ నవ్వుతున్నాం. ఇక్కడా అంతే. మామూలు వేగం 100 అనుకుంటే స్కౌట్‌ది 133, స్పైది 107, హెవీది 77. హెవీ వేషం వేసుకుంటే ఆట అతన్ని హెవీలాగే ఈడ్చుకుంటూ నడిపిస్తుంది, అక్కడ చిక్కడు. కాని స్కౌట్ వేషం వేసుకున్నంత మాత్రాన స్కౌట్ పరుగు రాదు. స్కౌట్ గాలిలో రెండోసారి ఎగరగలడు, ఇతను ఎగరలేడు. అందుకని కాస్త తెలివున్న స్పై స్కౌట్ వేషం జోలికే పోడు. తాపీగా వస్తున్న స్కౌట్ కనిపిస్తే మీరు రెండో ఆలోచన పెట్టుకోనక్కర్లేదు.

వెళ్ళే దిక్కు కూడా చూడాలి. యుద్ధం ముందు జరుగుతుంటే, ఏ గాయమూ లేనివాడు వెనక్కి వస్తున్నాడంటే ఎందుకొస్తున్నట్టు? అలాగే జట్టులో స్నైపర్ ఎవరూ లేరని పట్టికలో కనిపిస్తున్నప్పుడు స్నైపర్ ఒకడు దర్జాగా మెట్లెక్కి వస్తే అతను ఎక్కడి నుంచి ఊడిపడ్డట్టు? ఇంకా విడ్డూరం, ఒక్కోసారి మీ పేరే తగిలించుకుని మీకే ఎదురుపడతాడు. నా పేరుతో ఒక పైరో నా ముందు నిలబడి ఉండగా చూసిన రోజున నాకు చాలాసేపు నవ్వాగలేదు.

కళ్ళతో తేలనప్పుడు ఒంటితో తేల్చుకోవచ్చు. ఈ ఆటలో ఒకే జట్టువాళ్ళు ఒకరిలోంచి ఒకరు గాలిలా దూరి వెళ్ళిపోతారు, శత్రువులు మాత్రం ఢీకొంటారు. అంచేత అనుమానం వచ్చినవాడి మీదికి నేరుగా నడవండి. దూరిపోతే మనవాడు, గోడలా తగిలితే పరాయివాడు. ఇరుకు గుమ్మాల దగ్గర నేను దీన్నే నమ్ముకుంటాను. కాని ఢీకొనేంత దగ్గరికి వెళ్ళడమంటే కత్తి అందేంత దగ్గరికి వెళ్ళడమే కనక వీపు తిప్పకూడదు.

అన్నిటికన్నా ఖాయమైన పరీక్ష పైరో చేతిలో ఉంది. మామూలు పద్ధతిలో మనవాళ్ళ గుండ్లూ మంటలూ మనవాళ్ళకి తగలవు. పైరో ఒక్క చిన్న మంట ఊదితే మనవాడు చెక్కుచెదరడు, వేషధారి భగ్గుమంటాడు. అదృశ్యంగా ఉన్నవాడు కూడా అంటుకున్నాడా, మంటతో సహా బయటపడతాడు. స్నైపర్ దగ్గర 2009లో వచ్చిన జరాటే అనే సీసా ఉంది. అందులో ఏముంటుందో పెద్దలు చదివే సంచికలో రాయను గాని, అది మీద పడ్డవాడు కూడా వేషంలో దాక్కోలేడు. ఇంజనీర్లు తమ యంత్రాల చుట్టూ తచ్చాడే ప్రతివాడికీ ఒక దెబ్బ తగిలించి చూడటం మంచిది. యంత్రం మీద శాపర్ అనే డబ్బా అంటుకుని నిప్పురవ్వలు రాలుతున్నాయంటే స్పై మూడు నాలుగు అడుగుల్లోనే ఉన్నాడు. డబ్బా అంటించినా అతని వేషం చెదరదు. కంగారులో ఇంజనీరు యంత్రం వైపు తిరిగితే వీపు దొరుకుతుంది, అతనికి కావలసిందీ అదే.

ఇన్ని పరీక్షలున్నా స్పైలు ఎందుకు బతుకుతున్నారంటే, వాళ్ళూ ఈ వ్యాసం చదివినవాళ్ళే కనక. మంచి స్పై పని నటిస్తాడు. గాయపడినట్టు కుంటి ప్రాణబలం చూపించి మెడిక్‌ని కేకేస్తాడు. మన మెడిక్ జాలిపడి శత్రువుకే వైద్యం చేస్తాడు, ఆట దానికి అభ్యంతరం చెప్పదు. 2009 మే నెలలో డెడ్ రింగర్ అనే గడియారం వచ్చింది. అది చేత ఉన్నవాణ్ణి కొడితే శవం పడుతుంది, చచ్చినట్టు ప్రకటన కూడా వస్తుంది, అసలువాడు అదృశ్యంగా జారుకుంటాడు. ఇంకో కత్తి ఉంది, దాంతో పొడిస్తే చచ్చినవాడి శవం మాయమై, చంపినవాడు తక్షణం వాడి రూపంలోకి మారిపోతాడు. చావు వార్త కూడా మనదాకా రాదు. ఒక్క క్షణం కింద మన పక్కన నడిచిన మిత్రుడు ఇంకా నడుస్తూనే ఉంటాడు, కాని అతను ఇప్పుడు మిత్రుడు కాదు.

ఇక్కడ ఒక మాట. స్పై కత్తి వల్ల చచ్చేది ఒకడో ఇద్దరో. కాని వాడున్నాడన్న భయం పన్నెండుమందినీ వెనక్కి తిప్పుతుంది. ప్రతి నాలుగడుగులకీ వెనక్కి తిరిగే హెవీ ముందున్న శత్రువుని ఏం కాలుస్తాడు? పైరో దగ్గర ఉండే ఇంధనం 200 పాళ్ళు. దాన్నంతా స్వజనాన్ని శోధించడానికి తగలేస్తే ఎదుటివాళ్ళు వచ్చిపడినప్పుడు ఒట్టి గొట్టం మిగులుతుంది.

కిందటేడు మా హాస్టల్ పందేల్లో ఇదే జరిగింది. మా జట్టులోకి ఫస్టియర్ కుర్రాడొకడు కొత్తగా వచ్చాడు. పల్లెటూరి నుంచి వచ్చినవాడు, కంప్యూటర్ సరిగా ముట్టుకున్నదే ఇక్కడికొచ్చాక. అతనికి దారులు తెలియవు, కనక వెనక్కి నడిచేవాడు. ఎప్పుడు కాల్చాలో తెలియదు, కనక తుపాకి పట్టుకుని నిలబడేవాడు. మెడిక్ తీసుకుంటే ఎవరికి వైద్యం చెయ్యాలో తోచక మూల నిలబడేవాడు. పైన నేను చెప్పిన లక్షణాలు ఒక్కొక్కటిగా సరిచూసుకోండి, అన్నీ ఉన్నాయి! మావాళ్ళు ప్రతి రెండు నిమిషాలకీ అతని మీద మంట ఊదేవారు. "ఆ మెడిక్ స్పైరా!" అని అరిచేవారు. అతని మీద గుండ్లు గుమ్మరించేవారు. దెబ్బ తగలదు నిజమే, కాని తెర నిండా మంటలూ, చెవి నిండా కేకలూ ఉంటే కొత్తవాడు పని ఎక్కడ నేర్చుకుంటాడు? నాలుగో రాత్రి అతను ఆటకి రాలేదు. పిలవడానికి గదికెళ్తే, "నేనుంటే మీకు అనుమానం అన్నా, మీరు ఆడుకోండి" అన్నాడు.

ఆ మాట విన్నాక నేను ఈ విషయం కొంచెం గట్టిగానే ఆలోచించాను. పని రానివాడూ, పని నటించేవాడూ దూరం నుంచి ఒక్కలాగే కనిపిస్తారు. రూపం వదిలి నడవడి చూడమన్న సూత్రం శత్రువు విషయంలో ఎంత నిజమో, కొత్తవాడి విషయంలో అంత అన్యాయం. తేడా కొంచెంసేపు చూస్తే తెలుస్తుంది. కొత్తవాడు మన వీపు వెతకడు. మనం తిరిగితే అతను మన వెనక్కి జరగడు. బిక్కమొహం వేసుకుని మన ఎదురుగానే నిలబడతాడు. స్పై అలా కాదు, మనం ఎటు తిరిగితే దానికి వ్యతిరేకంగా తిరుగుతాడు. ఈ ఒక్క గుర్తు నాకు తెలిసి ఎవరూ ఎవరికీ చెప్పరు.

మర్నాడు జట్టంతా కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. పరీక్ష చేసే పని ఒక్క పైరోదే. అతను వెనక గుమ్మం దగ్గర ఉంటాడు. వచ్చే ప్రతివాడి మీదా, సీనియరైనా జూనియరైనా, కెప్టెనైనా సరే, ఒక్క పుక్కిలింత మంట ఊది వదిలేస్తాడు. ఎవరినీ పేరుపెట్టి అనుమానించడం లేదు కనక ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. ఒకసారి గుమ్మం దాటి లోపలికొచ్చినవాణ్ణి మిగతావాళ్ళు మళ్ళీ శోధించకూడదు. కత్తిపోటు వార్త తెర మీద కనిపిస్తే తప్ప ఎవరూ "స్పై" అని అరవకూడదు. అలా అరిస్తే ఎక్కడ, ఏ వేషంలో అన్నది కూడా చెప్పాలి. ఒట్టి కేక పనికిరాదు.

ఫస్టియర్ కుర్రాణ్ణి తిరిగి తీసుకురావడానికి మాత్రం రెండు రోజులు పట్టింది. క్యాంటీన్లో రెండు టీలూ, ఒక ఉల్లి పకోడీ పొట్లమూ ఖర్చయ్యాయి. ఇప్పుడు ఆ గుమ్మం దగ్గర పైరోగా నిలబడేది అతనే. కిందటి శనివారం ఎదుటి జట్టు స్పై నా వేషంలోనే వచ్చాడట. అతను ఊదాడు, అది అంటుకుంది. "మీరే అనుకున్నానన్నా, అయినా ఊదాను" అని చెప్పాడు.