పట్టికలో మొదటి వరుస

నెలాఖరు రాత్రి మా కంప్యూటర్ విభాగానికి జాగరణ రాత్రి అని ఢిల్లీ కార్యాలయంలోని సహోద్యోగులకు తెలిసినదే. జీతాలు, పింఛన్ల లెక్క ఉదయం ఆరు గంటలకు బ్యాంకుకు చేరాలి. కొన్ని సంవత్సరాల క్రితం ఒక జనవరి మాసాంతాన, తెల్లవారుజామున మూడింటికి మొదలై గంటలో ముగియవలసిన లెక్క ఏడింటికి గాని తేలలేదు. పింఛన్లు ఒకరోజు ఆలస్యమైనాయి. మందుల దుకాణంలో అప్పు పెట్టవలసి వచ్చిందని పదవీ విరమణ చేసిన అటెండరు ఒకరు ఫోనులో చెప్పినప్పుడు మా వద్ద సమాధానం లేకపోయింది.

జాప్యం ఎక్కడ జరుగుతున్నదో తెలుసుకొనేందుకు ప్రొఫైలర్ అనే సాధనం ఉన్నది. 1982లో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన సుసాన్ గ్రాహం, పీటర్ కెస్లర్, మార్షల్ మెక్‌క్యూసిక్‌లు ప్రకటించిన జీప్రాఫ్ వీటిలో సుప్రసిద్ధమైనది. అది సాధారణంగా సెకనులో నూరవ వంతుకొకసారి తొంగిచూసి, ఆ క్షణాన ఏ ఫంక్షన్ పనిచేస్తున్నదో గుర్తించి, చివరకు పట్టిక ముద్రిస్తుంది.

మా పట్టికలో మొదటి వరుసన నలభై శాతంతో సార్టింగ్ ఫంక్షన్ నిలిచింది. పది రోజులు శ్రమించి దాని వేగాన్ని రెట్టింపు చేశాము. ఫిబ్రవరి మాసాంతాన కలిసివచ్చినది ఐదు నిమిషాలే! పింఛన్లు మళ్లీ ఆలస్యమైనాయి.

పట్టిక అబద్ధమాడలేదు. ఆ నలభై శాతం, ప్రాసెసర్ పనిచేసిన ఇరవై ఐదు నిమిషాలలో మాత్రమే. తక్కిన మూడున్నర గంటలు ప్రోగ్రాము డిస్కు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నది. ఒక్కొక్క ఉద్యోగి బకాయిల రికార్డును విడివిడిగా తెప్పించుకొనడమే అందుకు కారణం. అటువంటి నిరీక్షణ జీప్రాఫ్ లెక్కలోకి రాదు. రికార్డులన్నిటినీ ఒకేసారి చదివే ఏర్పాటు చేయగానే మార్చి లెక్క గంటలోపు ముగిసింది.

తరువాత మా అవసరాలకు తగిన చిన్న ప్రొఫైలర్‌ను మేమే తయారుచేసుకున్నాము. కొలవడం కంటె, కొలిచినదాన్ని ఎట్లా చూపాలనే విషయంపైనే ఎక్కువ చర్చ జరిగింది. ఏ ఆప్షనూ ఇవ్వనివారికి ఏమి కనిపించాలి? జీప్రాఫ్ ప్రతి గడికీ సుదీర్ఘ వివరణ ముద్రిస్తుంది. వద్దనుకొనేవారు ‘బి’ ఆప్షన్ ఇవ్వాలి. కొత్తవారికి అది ఉపకారమే గాని, పదేపదే చూసేవారు ఆ వివరణతోపాటు హెచ్చరికలనూ దాటవేస్తారు. అందుచేత మేము ఒక్క తెరకు సరిపడే ఇరవై వరుసలే చూపి, మొదటి వరుసను మొత్తం సమయానికి, అందులో పనికి, నిరీక్షణకు కేటాయించాము. పూర్తి పట్టిక కావలసినవారు ఆప్షన్ ద్వారా అడగాలి.

ఫంక్షన్ స్వయంగా వెచ్చించిన కాలం, అది పిలిచిన ఫంక్షన్లతో కలిపిన కాలం వేర్వేరు గడులలో ఉంచాము. 2009లో లినక్స్‌తోపాటు వచ్చిన పెర్ఫ్‌లోనూ ఈ రెండు గడులు కనిపిస్తాయి. రెండవ గడిని కూడితే నూరు శాతం దాటుతుంది; అది తప్పు కాదని పట్టిక అడుగున ఒక వాక్యం చేర్చాము.

మనుషులు చదివే పట్టికను మరొక ప్రోగ్రాముకు అందించరాదు. అందుకై కామాలతో వేరుచేసిన అంకెలను ఇచ్చే ఆప్షన్ విడిగా పెట్టి, దాని గడుల క్రమం ఎన్నటికీ మార్చరాదని నియమించుకున్నాము. హెచ్చరికలు ఆ అంకెలలో కలిసిపోకుండా స్టాండర్డ్ ఎర్రర్ మార్గాన వెళతాయి.

నివేదికలు వ్రాసే ఇతర విభాగాల మిత్రులకు కూడా ఇది వర్తిస్తుందని మా భావన. శాతం వ్రాసిన చోట అది దేనిలో శాతమో మొదట చెప్పాలి. ఆ ఒక్క వరుస లేనందున మేము పోగొట్టుకున్నది పది రోజుల శ్రమ. మన పింఛనుదారులు ఎదురుచూసినది మరొక రోజు.