రౌటరు చాటెడి వేగములు: అపోహలు – వాస్తవములు

గోడమీద మౌనముగా వెలుగుచుండు వైఫై రౌటరు నిజమునకు మౌని కాదు. సెకనుకు సుమారు పదిమార్లు ‘బీకన్’ అను చిన్న సందేశమును వెలువరించుచు, తన పేరును, తనకు వచ్చిన వేగములను చుట్టుపట్ల నెల్ల చాటుచుండును. ఆ చాటింపును సరిగా గ్రహింపకుండుటచే కొన్ని యపోహలు వేరూనినవి.

అపోహ: పెట్టెమీద 1200 అని యున్నచో ఫోనునకు 1200 మెగాబిట్లు లభించును.

వాస్తవము: ఏసీ1200 రౌటర్లలో ఆ యంకె 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులోని 300ను, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులోని 867ను కలిపి, పై వందకు సవరించినది. ఫోను సాధారణముగ ఒక వేళ నొక బ్యాండునే యాశ్రయించును గనుక ఆ మొత్తము దాని కందదు.

అపోహ: చాటిన వేగములన్నియు వాగ్దానములు.

వాస్తవము: అవి సోపానములు మాత్రమే. 1999 నాటి 802.11బి ప్రమాణమున 1, 2, 5.5, 11 అను నాలుగు మెట్లుండగా, 2003లో 802.11జి వచ్చి 6 మొదలు 54 వరకు మఱి యెనిమిదింటిని చేర్చెను. దూరము పెరిగినను, గోడ అడ్డమైనను, పంపెడి పరికరము తనంత తానే క్రింది మెట్టునకు దిగును.

అపోహ: చిన్న వేగములు వ్యర్థములు; తొలగించుటయే మేలు.

వాస్తవము: ప్రతి వేగమును అర మెగాబిట్టు కొలతలో ఒక బైటున వ్రాయుదురు: 1 మెగాబిట్టునకు 2, 54కు 108. ఆ సంఖ్యకు 128 చేర్చి 2ను 130గా వ్రాసినచో, అది ‘బేసిక్’ వేగమనియు, చేరగోరు ప్రతి పరికరమునకును అది తెలిసియుండవలెననియు నర్థము. అందఱికిని వినబడవలసిన బీకన్లు సామాన్యముగ నట్టి వేగములలో కనిష్ఠమైనదానితోనే వెలువడును. 250 బైట్ల బీకను 1 మెగాబిట్టు వేగమున రెండు మిల్లీసెకన్లకు పైగా గాలిని ఆక్రమించును గనుక, చిన్న వేగములను తొలగించుటలో లాభము లేకపోలేదు, కాని 802.11బి మాత్రమే యెఱిగిన పాత ప్రింటరు అంతటితో గుమ్మము వెలుపలనే నిలిచిపోవును.

అపోహ: ఫోను చూపెడి లింక్ వేగమే డౌన్‌లోడు వేగము.

వాస్తవము: ఒక చానలుపై ఒకరు పలుకునపుడు తక్కినవారు ఆగవలెను; అందిన ప్రతిదానికి రసీదు పంపవలెను. ఈ మర్యాదలకే కాలము వ్యయమగుటచే, 54 మెగాబిట్ల లింకున చేతికందునది సగమునకు లోపే.

నెట్‌వర్కున చేరునపుడు ఫోను సైతము తన వేగముల పట్టికను రౌటరునకు సమర్పించును. ఇరువురికిని తెలిసిన మెట్లమీదనే సంభాషణ సాగును. కావున క్రొత్త రౌటరునకు ధనము వెచ్చించుటకు ముందు, ఇంటనున్న ఫోను ఏ ప్రమాణము నెఱుగునో విచారించుట విజ్ఞుల లక్షణము.