తెగినా తెగని వల

ఒక గదిలో పది కంప్యూటర్లు ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. తీగలు ఏ విధంగా కలపాలి? ప్రశ్న చిన్నదే. కాని ఒక తీగ తెగిననాడు ఎందరి పని ఆగిపోతుందో నిర్ణయించేది దీని సమాధానమే.

అన్నింటికంటె సులభమైనది నక్షత్రాకారపు అమరిక. నేటి కార్యాలయాలలో ఎక్కువగా కనిపించేదీ ఇదే. మధ్యనొక కూడలి యంత్రం. అక్కడినుండి ప్రతి కంప్యూటరుకూ ఒక తీగ. తీగ తెగితే నష్టపోయేది ఒక్క కంప్యూటరే. కూడలి చెడిపోయిందా, పదీ మూగపోతాయి.

రెండవది వలయం. ప్రతి కంప్యూటరూ వార్తను తన పొరుగుదానికి అందిస్తుంది. 'టోకెన్' అనే అనుమతి సంకేతం ఒకటి చుట్టూ తిరుగుతూ ఉంటుంది; అది ఎవరిని చేరితే మాట్లాడే వంతు వారిది. క్రమశిక్షణ గొప్పదే గాని, సాధారణ వలయం ఒకచోట తెగితే ప్రసారమంతా ఆగుతుంది. జంట వలయాలు పుట్టినది ఈ కారణంగానే.

మూడవదానిలో అందరికీ కలిపి ఒకటే పొడవాటి కేబులు. 1973లో అమెరికాలోని జెరాక్స్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ రూపకల్పన చేసిన ఈథర్‌నెట్ తొలుత ఇట్టిదే. మాట్లాడబోయే ముందు కేబులు ఖాళీగా ఉన్నదో లేదో వినాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరూ ఆగి, చెరికొంత సేపు వేచి, మళ్లీ ప్రయత్నించాలి. ఖర్చు తక్కువ, కేబులు తెగితే మాత్రం అందరికీ తిప్పలే.

పోనీ, ప్రతిదానినీ ప్రతిదానితో కలిపితే? పదింటికి 45 తీగలతో సరిపోతుంది. నూరింటికి 4,950 కావాలి!

ఈ చిక్కుకు మధ్యేమార్గం చూపినవాడు అమెరికాలోని రాండ్ సంస్థ ఇంజనీరు పాల్ బారన్. అణుయుద్ధంలో టెలిఫోను కేంద్రాలు ధ్వంసమైతే ఆజ్ఞలు అందేదెట్లా అన్నది ఆయనను వేధించిన ప్రశ్న. ప్రతి కేంద్రాన్నీ మూడు నాలుగు పొరుగు కేంద్రాలతో కలిపితే చాలునని, అనేకం నశించినా మిగిలినవి మాట్లాడుకోగలవని 1964లో వెలువరించిన పత్రాలలో నిరూపించాడు. ఆ అమరిక పటం జాలరి వలవలె ఉంటుంది. వార్తను ముక్కలు చేసి పంపాలని, ప్రతి ముక్కా అప్పటికి తెరచి ఉన్న దారిని వెదుక్కోవాలని ఆయన భావన. టెలిఫోను ఇంజనీర్లు నమ్మలేదు. బ్రిటనులో డోనాల్డ్ డేవిస్ స్వతంత్రంగా ఇటువంటి ఆలోచనకే చేరుకున్నాడు. 1969లో నాలుగు కేంద్రాలతో ఆరంభమైన ఆర్పానెట్‌లో వార్తలు ముక్కలుగానే ప్రయాణించాయి. నేటి అంతర్జాలానికి మూలం అదే.

ఆ వలకు 2008 జనవరి 30న ఒక పరీక్ష ఎదురైంది. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా సమీపాన సముద్రగర్భంలో రెండు కేబుళ్లు తెగాయి. ఈజిప్టు, పాకిస్తాన్, భారతదేశాలలో అంతర్జాలం మందగించింది. పడమటికి పోయే పెద్ద దారులు ఆ ఇరుకు మార్గంలోనే దగ్గరదగ్గరగా ఉండడం దీనికి కారణం. అయినా మన దేశం మూగపోలేదు. వార్తలు తూర్పు దిక్కుగా, పసిఫిక్ సముద్రం మీదుగా, చుట్టుదారి పట్టాయి.

దారులు అనేకం ఉంటే చాలదు. అవి వేర్వేరు దిక్కుల పోవాలి. ఒక కన్ను తెగినా జాలరి వల పనికివస్తుంది. కన్నులన్నీ ఒకే తాడుకు వేలాడుతుంటే మాత్రం, ఆ తాడు తెగిననాడు వలే ఉండదు.