శునకముతో సీమప్రయాణము

భర్తల యుద్యోగముల కొరకును, బిడ్డల చదువుల కొరకును మన తెలుగు కుటుంబములనేకము బ్రిటనునకు తరలిపోవుచున్నవి. పెట్టెలెన్ని, టిక్కెట్ల వెల యెంత యని నెలల ముందే లెక్కింతుము. ఇంట పెరిగిన కుక్క మాట మాత్రము కడపటి వారమున జ్ఞప్తికి వచ్చును. అప్పటికి గడువు మించిపోయి యా మూగజీవి వీధిపాలగును. మన ప్రయాణమునకు నాలుగు నెలలకు పైగా ముందే దాని ప్రయాణమునకు పూనుకొనవలెనని మా మనవి.

ఇంత కాలమెందుకన, అచ్చటి కుక్కలలో రేబిస్ వ్యాధి లేదు; మన దేశమున నున్నది. పూర్వము పరదేశపు కుక్కను అచ్చట ఆరు మాసములు నిర్బంధశాలలో నుంచెడివారు. 2012వ సంవత్సరము నుండి నియమములన్నియు నెరవేర్చిన మన కుక్కలకు నా నిర్బంధము లేదు.

ఆ నియమములకు వరుస ముఖ్యము. మొదట చర్మము క్రింద బియ్యపుగింజంత మైక్రోచిప్పు నమర్పవలెను. పిదప, పన్నెండు వారములు నిండిన కుక్కకు రేబిస్ టీకా వేయింపవలెను. చిప్పునకు ముందు వేసిన టీకా లెక్కకు రాదు. టీకా వేసిన 30 దినముల పిమ్మట నెత్తురు తీయించి, ఆమోదము పొందిన పరీక్షాశాలకు పంపవలెను. ఫలితము మిల్లీలీటరునకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గరాదు. నెత్తురు తీసిన నాటి నుండి మూడు నెలలు గడువనిదే ప్రవేశము లేదు. తుదకు, అచ్చట దిగుటకు 24 గంటలకు తక్కువ గాకుండ, 120 గంటలకు మించకుండ ముందుగా పశువైద్యుడు బద్దెపురుగుల మందిచ్చి పత్రమున వ్రాయవలెను. ఎగుమతి పత్రము నిచ్చు కేంద్రప్రభుత్వపు పశు క్వారంటైను కార్యాలయములు హైదరాబాదునను చెన్నపట్టణమునను గలవు.

విమానమున బ్రిటను చేరు పెంపుడు కుక్క సరకుగానే రావలెను; మన చెంత కూర్చుండుటకు వీలులేదు. కావున పెట్టెలో నది నిలుచుటకు, తిరుగుటకు, పండుకొనుటకు చోటుండవలెను. ఆ పెట్టెను ముందే తెచ్చి, వసారాలో తలుపు తీసియుంచి, అందే యన్నము పెట్టుచుండిన యెడల దానికి భయము తీరును. ఇంటివారి వాసన గల పాతచీర ముక్క నందు పరచుట మంచిది. నిద్రమందు లీయరాదు, ఆకాశమున నవి శ్వాసకు చేటు. పగ్గు వంటి చప్పిడిముక్కు జాతులకు వేసవి ప్రయాణము మిక్కిలి యపాయకరము.

ధర్మరాజు తన్నాశ్రయించిన కుక్కను విడిచి స్వర్గమునకైనను రాననిన కథ మన మెరిగినదే. అయినను విడువకుండుట యన వెంట గొనిపోవుట మాత్రమే కాదు. ముసలిదియు, గుండెజబ్బు గలదియునగు కుక్కకు నింతటి ప్రయాణము దండనయే. అట్టిదానిని ప్రేమతో చూచు బంధువుల యింట, మనమిచ్చట నుండగనే మచ్చిక చేసి, తిండికిని మందులకును కావలసిన సొమ్మేర్పరచి యప్పగింపవలెను. ఈ రెండింటిలో నేది యుచితమో ప్రయాణపు మాట పుట్టిననాడే పశువైద్యునితో నాలోచించి నిశ్చయింపుడు.